కూర్దూ పాదరి చరిత్రము

సంస్కృతమునకును, లాటిను, గ్రీకు భాషలకును గల చుట్టఱికమును చాటినవాఁడు సర్ విలియము జోన్సని మనము చిన్ననాఁటనే చదివియున్నారము. ఆయన కలకత్తాలో 1786లో ఆ సంగతి నుపన్యసించుటకుఁ బందొమ్మిదేండ్లు మున్నే, తెలుఁగుసీమలో మతప్రచారము చేసిన ఫ్రెంచి పాదరి గాస్టన్ లారాన్ కూర్దూ దానినిఁగూర్చి పారిసు పండితపరిషత్తునకు వ్రాసి పంపెను.

ఈయన 1691లో ఫ్రాంసునందలి బూర్జి పట్టణమునఁ బుట్టి, 1732లో జెసూట్ సంఘము పక్షమున నిచ్చటికి వచ్చెను. వచ్చినది మతప్రచారమునకే యైనను తెలుఁగు నేర్చి, తెలుఁగు, ఫ్రెంచి, సంస్కృత పదములతో నిఘంటువు కూర్చెను. అద్దకపుఁ బనివారల నడిగి, గుడ్డలకు రంగు పట్టించు విధమును 1742లో స్వదేశమునకుఁ దెలిపెను.

1767 నాఁటి లేఖలో దానమునకు డోనుం, విధవకు విదువా, ఇట్లు మాటల జతలు చూపెను. వర్తకమువలన నింటిమాటలును, సంఖ్యలును నిట్లు కలియవనియు, మూలమొక్కటియే కావలెననియు నిశ్చయించెను. ఆ మూలమును బైబిలులోని యాపెతు సంతతియందు వెదకుట మాకు సమ్మతము గాదు. పోలికమాత్రము నేఁటికిని నిలిచియున్నది.

పరిషత్తువారు దానిని ముద్రించినది 1808లో. కూర్దూ 1779లోనే పుదుచ్చేరిలో మరణించెను.

హిందువుల యాచారములనుగూర్చి యాయన వ్రాసిన గ్రంథమునకు నంతకంటె నన్యాయము జరిగెను. అందలి విషయమును జాలవఱకుఁ దనదిగాఁ గైకొని దుబ్వా పాదరి కూర్చిన పుస్తకము 1816లో నాంగ్లమున వెలువడి, కుంఫిణీ దొరలకుఁ బ్రమాణమయ్యెను. సొమ్మొకరిది, పేరొకరిది! సిల్వియా మూర్ అను ఫ్రెంచి విదుషి వ్రాఁతప్రతులను సరిపోల్చి 1987లో దీనిని బయల్పెట్టెను. కూర్దూ స్వహస్తముతో వ్రాసిన మూలప్రతి దొరకలేదు.