షికారీ మహబూబ్ పాషా - ఆఖరి గడియకు ఉంచుకునే తుపాకి

మన బెజవాడలో ఎవరైనా గొప్పలు చెప్పుకుంటూ తిరిగితే, వాడో పెద్ద తీస్ మార్ ఖాన్ అని నవ్వుకుంటాం. తీస్ అంటే ముప్ఫై. మార్ అంటే చంపడం. ఈ పేరు అసలు ఒక పాదుషాకు ప్రజలు ప్రేమతో పెట్టుకున్నదని హైదరాబాదు పెద్దలు చెబుతారు. ఆ పాదుషాయే ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ముప్ఫైకి పైగా పెద్దపులులను కొట్టిన షికారీ అని ఆయనకు ఖ్యాతి. అంతటి పేరు నేడు ఎగతాళి మాట ఎందుకైంది, ఆయన మాత్రం జనం గుండెల్లో ఎందుకు మిగిలారు అన్నది మన పిల్లలు తెలుసుకోదగిన సంగతి. అందుకే ఈ నాలుగు మాటలు.

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టు 17న జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో కన్నుమూసే నాటికి ఆయనకు మూడేళ్ళు కూడా నిండలేదు. పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, మొదటి సాలార్ జంగ్, షంసుల్ ఉమరా ఇద్దరూ రాజ్యభారం మోశారు. తల్లి ఒడిలో వుండవలసిన వయసులో దర్బారులో కూర్చోవలసి వచ్చింది. అరబీ, ఫార్సీ, ఉర్దూ మౌల్వీల దగ్గర, ఇంగ్లీషు క్లర్క్ అనే దొర దగ్గర నేర్చుకున్నారు. చదువుతో పాటు గుర్రపు స్వారీ, గురి చూసి కాల్చడం కూడా నేర్పించారు. 1877లో ఢిల్లీ దర్బారుకు వెళ్ళేనాటికి ఆయన వయసు పదేళ్ళు. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ ప్రభువు స్వయంగా హైదరాబాదు వచ్చి పూర్తి అధికారాలు అప్పగించాడు. అప్పటికి ఆయన పదిహేడేళ్ళు దాటిన యువకుడు.

ఆయన హయాంలోనే రైలు మన వూరి దాకా వచ్చింది. సికిందరాబాదు నుంచి వరంగల్ మీదుగా నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ చేరింది. మనం నేటికీ హైదరాబాదు వెళ్ళేటప్పుడు కొండపల్లి, మధిర, ఖమ్మం, డోర్నకల్, మహబూబాబాద్, కేసముద్రం దాటాక నెక్కొండ అనే స్టేషను వస్తుంది. బండి చాలాసార్లు అక్కడ ఆగదు. మనం కిటికీలోంచి చూసి వూరుకుంటాం. ఆ కాలంలో ఆ స్టేషనుకు ఎంతో వైభవం. కాకతీయుల కాలపు పాకాల చెరువు, దాని చుట్టూ దట్టమైన అడవి ఆ ప్రాంతంలోనివే. పాషా షికారు డేరాలు అక్కడ వెలిసేవి. ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ తీసిన ఆ షికారు ఫోటోలు నేటికీ వున్నాయి. డేరాల వరుసలు, ఏనుగులు, నేల మీద చాపిన పులి, దాని వెనుక నిలబడిన దొరలూ నవాబులూ వాటిలో కనబడతారు.

షికారు ఎలా జరిగేదో కొంచెం చెప్పుకోవాలి. పులి జాడ తెలియగానే అడవి దారులు ఎరిగిన వూరివాళ్ళు వందలమంది వరుసకట్టి, డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ పులిని ఒక వైపుకు తోలుకొచ్చేవారు. దీనినే హాంకా అంటారు. షికారీ చెట్టు మీద కట్టిన మచానులోనో, ఏనుగు మీది హౌదాలోనో పెద్ద రైఫిలు పట్టుకొని కాచుకునేవాడు. రైఫిలు దూరం నుంచి కొట్టడానికి. మొదటి గుండు సరిగ్గా తగిలితే కథ ముగిసినట్టే. తగలకపోయినా, గాయం మాత్రమే అయినా అసలు కథ అప్పుడు మొదలవుతుంది. రెండు వందల కిలోల జంతువు కళ్ళు మూసి తెరిచేలోగా మీద పడుతుంది. ఏనుగు కుంభస్థలం మీదికో, వెనుక నుంచి తోక వైపుకో ఎగబాకుతుంది. అంత దగ్గరలో పొడుగాటి రైఫిలును తిప్పడానికి చోటు వుండదు. సరిగ్గా ఆ ఘడియ కోసమే ఆనాటి షికారీలు ఒక చేతి తుపాకిని దగ్గర వుంచుకునేవారు.

ఏ చేతి తుపాకి తీసుకువెళ్ళాలి అన్నది ఆ రోజుల్లో షికారీల మధ్య పెద్ద చర్చ. ముఖ్యంగా మూడు రకాలు వాడుకలో వుండేవి.

మొదటిది హౌదా పిస్తోలు. పేరే చెబుతున్నది, ఇది హౌదాలో కూర్చునేవాడి కోసం పుట్టింది. పెద్ద తుపాకిని కోసి పొట్టి చేసినట్టు వుంటుంది. పక్కపక్కన రెండు గొట్టాలు. కొన్నింటి గొట్టం బెజ్జం 0.577 అంగుళం, అంటే అర అంగుళం కంటే ఎక్కువ. దాని గుండు దాదాపు 30 గ్రాముల బరువు. దగ్గరలో తగిలితే పులిని నిలేసే బలం దానికి వుంది. కాని తుపాకి బరువు, పేల్చినప్పుడు మణికట్టు అదిరిపోయేటంత దెబ్బ. పైగా రెండే గుండ్లు. మూడో అవకాశం లేదు.

రెండవది 1880ల నుంచి వచ్చిన లంకాస్టర్ పిస్తోలు. లండనులో చార్లెస్ లంకాస్టర్ పేరున తయారయ్యేది. దీనికి నాలుగు గొట్టాలు, నాలుగు గుండ్లు. రివాల్వరులో తిరిగే చక్రానికీ గొట్టానికీ మధ్య సందు వుంటుంది కనుక మందు బలం కొంత ఆ సందులోంచి పోతుంది. ఇందులో ఆ నష్టం లేదు. లోపం ఏమిటంటే మీట గట్టిగా వుంటుంది, చేయి కదిలి గురి చెదురుతుంది.

మూడవది రివాల్వరు. 1887లో ఇంగ్లీషు సైన్యం తీసుకున్న వెబ్లీ రివాల్వరు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఆరు గుండ్లు, బరువు సుమారు కిలో. నడుముకు కట్టుకుంటే రోజంతా మోయవచ్చు. గుండు సుమారు 17 గ్రాములు. మనిషిని ఆపడానికి చేసిన ఆయుధం ఇది. కోపంతో వచ్చే పులికి ఆరు గుండ్లు తగిలినా ఆఖరి దూకు దూకే ప్రమాదం వుంది.

అందువల్ల అనుభవజ్ఞులు తేల్చిన లెక్క ఇలా వుండేది. ఏనుగు మీద వెళితే హౌదాలో చేతికి అందేచోట జోడు గొట్టాల బరువు పిస్తోలు. గాయపడిన పులి వెంట కాలినడకన పొదల్లోకి పోవలసి వస్తే చేతిలో రైఫిలే వుండాలి, నడుముకు నాలుగు గొట్టాలదో, పెద్ద బెజ్జం రివాల్వరో వుంటే మరొక రక్షణ. రాత్రి డేరాలో తలగడ దగ్గరికి రివాల్వరు చాలు. చేతి తుపాకితో పులిని వేటాడతానని బయలుదేరినవాణ్ణి మాత్రం ఎవరూ షికారీ అనేవారు కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పులి ఏనుగు తల మీదికి ఎక్కితే మొదట దొరికేది ఎవరు? హౌదాలో వున్న నవాబు కాదు. ఏనుగు మెడ మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న మావటి. అతని చేతిలో అంకుశం తప్ప మరేమీ వుండదు. హౌదా నుంచి పేల్చిన గుండు అతని భుజం పక్క నుంచే పోవాలి. చెయ్యి వణికితే పులి కంటే ముందు మావటి పోతాడు. అలాగే గాయపడిన పులిని వదిలేసి షికారీ డేరాకు వెళ్ళిపోతే, మరునాడు దానికి బలి అయ్యేది కట్టెలకు వెళ్ళిన ఆడమనిషో, గొడ్లు కాసే పిల్లవాడో. అందుకే గాయపరచిన జంతువును వెతికి ముగించి తీరాలన్నది షికారీల కట్టుబాటు. కనుక చేతి తుపాకి ఎంచుకోవడమంటే తన ప్రాణం ఒక్కటే చూసుకోవడం కాదు, తన ముందు ఉత్త చేతులతో కూర్చున్నవాడి ప్రాణానికి పూచీ పడడం. తుపాకి ఖరీదు, దాని మీది వెండి నగిషీ ఆ ఘడియకు పనికిరావు.

నిజాం అడవుల షికారు పేరు దేశాంతరాలకు పాకింది. 1893 జనవరిలో ఆస్ట్రియా రాజకుమారుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ప్రపంచయాత్ర చేస్తూ హైదరాబాదు వచ్చి, పాషా అతిథిగా పులుల షికారు ఆడాడు. 1902లో వైస్రాయి కర్జన్ కూడా వచ్చి షికారు ఆడి వెళ్ళాడు. అదే సంవత్సరం బేరారు ప్రాంతం శాశ్వత కౌలు పేరుతో ఇంగ్లీషువారి చేతికి పోయింది. షికారులో ఎంత మర్యాద చేసినా రాజ్యం విషయంలో దొర దొరే.

ఆ ఆస్ట్రియా రాజకుమారుడి ముగింపు అందరికీ తెలిసినదే. 1914 జూన్ 28న సరయేవో నగరం వీధిలో కారులో వుండగా ఒక కుర్రవాడు కాల్చిన గుండుతో చనిపోయాడు, పక్కనే వున్న భార్య కూడా పోయింది. మొదటి ప్రపంచయుద్ధానికి అదే నిప్పురవ్వ. ఆ కుర్రవాడి చేతిలో వున్నది జేబులో పట్టే చిన్న పిస్తోలు. పులి ముందు అటువంటిదాన్ని ఏ షికారీ లెక్కలోకి తీసుకోడు. మనిషిని చంపడానికి మాత్రం అది సరిపోయింది. చేతి తుపాకి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. మృగం ముందు అది బలహీనం, మనిషి ముందు మహా బలం. ఇంట్లో ఆయుధం వుంటే గౌరవం అనుకునే మన యువకులు దీన్ని ఆలోచించాలి.

మన దీన్ ఈ విషయంలో స్పష్టంగా వుంది. తినడానికి షికారు జాయిజ్. ప్రాణం తీయవచ్చే మృగం నుంచి తనను, తోటివారిని కాపాడుకోవడం జాయిజ్. ఏ ఉపయోగమూ లేక కేవలం వినోదం కోసం నోరులేని జీవి ప్రాణం తీయడం అల్లాహ్ మెచ్చే పని కాదు. కోరలున్న మృగాల మాంసం మనకు హరాం కనుక పులి షికారు తిండికోసమని ఎవరూ చెప్పలేరు. మనుషులను, గొడ్లను తినడానికి అలవాటుపడ్డ పులిని కొట్టడం వేరు, అతిథుల సరదా కోసం హాంకా తోలించడం వేరు. మహబూబ్ పాషా కాలంలో రెండూ జరిగాయి. పెద్దవారి చరిత్ర చెప్పేటప్పుడు మంచితో పాటు ఇదీ చెప్పుకోవాలి.

అయితే జనం ఆయన్ను ప్రేమించింది పులులను చూసి కాదు. పాముకాటుకు ఆయన పేరు మీద దుహాయి ఇస్తే విషం దిగుతుందని రియాయా నమ్మేవారు. అర్ధరాత్రి అయినా సరే, పాము కరిచిందని ఎవరు వచ్చినా తనను నిద్రలేపాలని ఆయన హుకుం వుండేదని హైదరాబాదులో నేటికీ చెప్పుకుంటారు. వైద్యం సంగతికి వస్తే, మన దివిసీమ వరిచేలలో పాము కరిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోయి విషం విరుగుడు సూది వేయించుకోవడమే మార్గం. కాని గరీబు కోసం పాదుషా నిద్ర చెడగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడన్న ఆ నమ్మకం వుంది చూశారూ, అది ఏ తుపాకితోనూ సంపాదించలేనిది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. అప్పుడు పాషా తన మహళ్ళ తలుపులు తెరిపించి, ఇల్లూవాకిలీ పోయినవారికి నీడ, తిండి చూపించారు. హిందూ, ముస్లిం అన్న తేడా చూడలేదు. మళ్ళీ అటువంటి ఆపద రాకుండా మార్గం చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని 1909లో పిలిపించారు. ఆయన సలహా ప్రకారమే తరువాత కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. కృష్ణ వరదలు, దివిసీమ ఉప్పెన చూసిన మన డెల్టావాసులకు దాని విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

వరద తరువాత పాషా ఎక్కువకాలం బతకలేదు. 1911 ఆగస్టు 29న, హిజ్రీ 1329 రంజాన్ మాసం తొలిరోజుల్లో, ఫలక్‌నుమాలో కన్నుమూశారు. వయసు నలభై ఐదు. మక్కా మసీదు ఆవరణలో తండ్రి తాతల పక్కన ఖననం చేశారు.

నేడు ఏ తుపాకి తీసుకుని పులి షికారుకు పోవాలి అన్న ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నేరం చేసింది. మీదపడిన మృగం నుంచి తన ప్రాణమో, ఇతరుల ప్రాణమో కాపాడుకోవడానికి మంచి మనసుతో చేసినది మాత్రం నేరం కాదని ఆ చట్టమే చెబుతుంది. అంటే పాత షికారీ హౌదాలో చేతి తుపాకి ఏ కారణానికి పెట్టుకునేవాడో, ఆ ఒక్క కారణం మాత్రమే చట్టంలో మిగిలింది. మన ప్రకాశం బ్యారేజీ కిందుగా పారే కృష్ణమ్మ నీరు నల్లమల అడవి మధ్య నుంచి వస్తున్నది. ఆ అడవిలో పులులు నేడు రక్షణలో వున్నాయి. ఆ అడవి నిలిస్తేనే మన నీరూ నిలుస్తుంది.

పులుల లెక్క వల్ల వచ్చిన బిరుదు చివరకు వీధుల్లో ఎగతాళి మాటగా మిగిలింది. తలుపు తట్టినవాడికి లేచి పలికినందువల్ల వచ్చిన పేరు మాత్రం వంద సంవత్సరాలు దాటినా చెడలేదు. మన సొసైటీ పని కూడా అటువంటిదే. ఆపదలో తలుపు తట్టిన బీదవాడికి, వితంతువుకు, ఫీజు కట్టలేని విద్యార్థికి లేచి పలకడం. మావటి ప్రాణం తన పూచీ అనుకున్నవాడే నిజమైన షికారీ. పక్కవాడి కష్టం తన పూచీ అనుకున్నవాడే నిజమైన సభ్యుడు. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక, మర్హూంను మన్నించుగాక. ఆమీన్.