కనవడకపోతే లేనట్టా? సూర్యుని గుట్టు ఇప్పిన మేఘనాద్ సాహా

సైన్సంటే పెద్దింటోళ్ల సొమ్మనుకునే మన మందమర్రి తమ్ముండ్లు, చెల్లెండ్లు మేఘనాద్ సాహా బతుకు ఎరుక జేసుకోవాలె.

1893 అక్టోబర్ 6న ఢాకా దగ్గరి పల్లెల పుట్టిండు. నాయినది చిన్న కిరాణ దుక్నం. వాళ్ల కులాన్ని తక్కువ జూసేటోళ్లు. ఊళ్లె పెద్ద బడి లేదు. దూరపూళ్లె ఒక డాక్టర్ ఇంట్ల ఉండి సదివిండు. బదులుగ ఆవును సూసుకునుడు, తిన్న పళ్లెం తనే కడుక్కునుడు. 1905ల తెల్లోళ్లు బెంగాల్‌ను రెండు ముక్కలు జేసినప్పుడు, బడికొచ్చిన గవర్నర్‌కు ఎదురు నిలవడ్డ పిలగాండ్లల్ల ఈయన సుత ఉన్నడు. బడిలకెళ్లి ఎల్లగొట్టిన్రు, స్కాలర్‌షిప్ గుంజుకున్నరు. అయినా ఇంకో బడిల సదివి 1911ల కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీల శేరిండు. ఆడ హాస్టల్ల పెద్దకులపోళ్లు ఈయనతోని కలిసి బువ్వ తినుటానికి ఒప్పుకోలేదు.

బంతిల కూసోనియ్యని ఆ పిలగాడే 26 ఏండ్లకు సూర్యుని లెక్క తేల్చిండు.

సూర్యుని వెలుగును గాజు పట్టకంల నుంచి పంపితే, రంగుల నడుమ సన్నటి నల్లగీతలు కనవడ్తయ్. సూర్యుని పైపొరల ఉన్న మూలకాలు ఆ జాగల వెలుగును మింగినయన్నట్టు. కని కొన్ని మూలకాల గీతలు అసలే కనవడకపోయేటియి. మరి అవి సూర్యునిల లేవా?

1920ల సాహా జవాబు జెప్పిండు. బాగ వేడెక్కితే పరమాణువులకెళ్లి ఎలక్ట్రాన్లు ఊడుతయ్. గట్ల మారిన వాయువునే ప్లాస్మా అంటరు. ఎలక్ట్రాన్ ఊడితే పరమాణువు మింగే వెలుగు మారిపోతది. ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి ఎన్ని ఊడుతయో ఆయన సమీకరణం లెక్కగడ్తది. రుబిడియం గీతలు కనవడనిది అది లేక కాదు, వేడికి. జర సల్లగుండే సూర్యుని మచ్చలల్ల ఎతకాలన్నడు. ఆడ దొరికింది!

అలహాబాద్ల ప్రొఫెసర్‌గ ఉన్నప్పుడు రేడియో అలల మీద సుత పని జేసిండు. ఇంట్ల పెద్దోళ్లను అడుగుండ్రి, దూరపు మీడియం వేవ్ స్టేషన్లు పగటీలి వినరావు, చీకటైనంక వినొస్తయ్. పగటీలి ఎండకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున గాలిల ఎలక్ట్రాన్లు ఊడుతయ్. రేడియో అల వాటిని ఊపుతది. అవి పోయి గాలి కణాలకు గుద్దుకుంటయ్. అల బలమంత వేడిగ మారి ఆరిపోతది. రాత్రి ఆ పొర పోతది, అల ఇంకా పైపొరకు తాకి మళ్లి కిందికొస్తది.

సాహా ల్యాబ్‌లనే కూసోలేదు. దామోదర్ నది వరదలు ఆపే ప్రణాళిక కోసం కొట్లాడిండు. 1952ల ఇండిపెండెంట్‌గ నిలవడి లోక్‌సభకు గెలిచిండు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీల ప్లానింగ్ కమిషన్ ఆఫీసుకు పోతుంటే గుండె ఆగి కన్నుమూసిండు.

మన బాయిల బొగ్గు సుత ఎన్నడో చెట్లు మింగిన సూర్యుని వెలుగే. కోట్ల ఏండ్లు కనవడలే, అయితే లేనట్టా? మార్కులు రాలేదని మన పిలగాండ్లకు తెలివే లేదనేటోళ్లకు సాహా లెక్క సూపెట్టాలె. గీత కనవడకుంటే తప్పు మూలకంది కాదు, అది ఉన్న పరిస్థితిది. హాస్టల్ల కడుపునిండ బువ్వ, బడిల పనిజేసే ల్యాబ్ అడుగుడు భిక్షం కాదు, హక్కు. గట్టిగ అడుగుండ్రి.