ట్రూమన్ సంతకం ఎంతవరకు చెల్లింది?

వలస చట్టాలను మార్చడానికి కాంగ్రెస్ కదలనప్పుడు అమెరికా అధ్యక్షుడు ఒక్క సంతకంతో ఆ పని చేయవచ్చా? ఈ వాదన ఒబామా కాలంలో మొదలైందని చాలామంది అనుకుంటారు. చిన్నతనంలో వచ్చి, పత్రాలు లేకుండా ఉండిపోయినవారికి ఆయన 2012లో ఇచ్చిన రక్షణ అమలులోకి వచ్చింది. అలాంటి వెసులుబాటునే 2014లో పౌరుల తల్లిదండ్రులకు కూడా ఇవ్వబోతే కోర్టులు ఆపేశాయి. కానీ ఈ కథకు అంతకన్నా పాత అధ్యాయం ఉంది. అందులో ప్రధాన పాత్ర కాలేజీ డిగ్రీ లేని, బట్టల దుకాణం పెట్టి నష్టపోయిన ఒక మిస్సోరీ రైతుది.

హ్యారీ ట్రూమన్ 1884 మే 8న మిస్సోరీలోని లమార్‌లో పుట్టారు. యౌవనంలో పదేళ్లకు పైగా గ్రాండ్‌వ్యూలోని కుటుంబ పొలంలో గడిపారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఫిరంగిదళ కెప్టెన్‌గా పనిచేశారు. తిరిగొచ్చాక సైన్యంలో కలిసి పనిచేసిన యూదు మిత్రుడు ఎడ్డీ జేకబ్‌సన్‌తో కలిసి కాన్సస్ సిటీలో పెట్టిన దుకాణం 1922లో మూతపడింది. ఆ అప్పులు తీర్చడానికి ఏళ్లు పట్టింది. స్థానిక డెమోక్రటిక్ పెద్ద టామ్ పెండర్‌గాస్ట్ అండతో కౌంటీ పదవి, 1934లో సెనేట్ సీటు దక్కాయి. కాబోయే భార్యకు రాసిన ఉత్తరాల్లో నల్లవారి మీద, ఆసియావాసుల మీద ఆయన తన చిన్నచూపును దాచుకోలేదు. శరణార్థుల కోసం పోరాడిన అధ్యక్షుడిగా ఆయన్ని తలచుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు.

1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మరణంతో ఆయన అధ్యక్షుడయ్యారు. కొద్ది వారాలకే యూరప్‌లో యుద్ధం ముగిసింది. నాజీ నిర్బంధం నుంచి బతికి బయటపడ్డ లక్షలాది మందికి వెళ్లడానికి చోటు లేదు. ట్రూమన్ పంపిన ఎర్ల్ హారిసన్ శిబిరాలు తిరిగి చూసి, యూదులు ఇంకా ముళ్లకంచెల వెనకే ఉన్నారని నివేదిక ఇచ్చారు. అటు 1924 నాటి చట్టం ఒక్కో దేశానికి ఏటా ఇన్ని వీసాలే అని కోటా కట్టింది. బ్రిటన్‌కు వేలకు వేలు, తూర్పు యూరప్ దేశాలకు పిడికెడు. ఆ కోటా పెంచే ఉద్దేశం కాంగ్రెస్‌కు లేదు.

1945 డిసెంబర్ 22న ట్రూమన్ ఒక ఆదేశం ఇచ్చారు. అందులోని కిటుకు గమనించదగ్గది. ఆయన కోటా అంకెను ముట్టుకోలేదు, వరుస మార్చారు. ఉన్న కోటాలోనే శిబిరాల్లోని నిరాశ్రయులకు ముందు వీసాలు ఇవ్వాలన్నారు. ఏ ఏడాది కోటా ఆ ఏడాదికే చెల్లుతుంది, మిగిలింది మురిగిపోతుంది. యుద్ధకాలంలో అలా మురిగిపోయింది చాలా ఉంది. ప్రభుత్వానికి భారం కారని హామీ ఇవ్వడానికి అమెరికాలో బంధువులు లేనివారి తరఫున స్వచ్ఛంద సంస్థలు పూచీ పడవచ్చన్నారు. (మన ఆర్డినెన్స్‌తో దీన్ని పోల్చకూడదు. ఆర్డినెన్స్‌కు కొంతకాలం చట్టంతో సమానమైన బలం ఉంటుంది. అమెరికా అధ్యక్షుడికి అలాంటి అధికారం లేదు. ఉన్న చట్టాన్ని ఎలా అమలు చేయాలో అధికారులకు చెప్పగలరు, అంతే.)

అదే ఆదేశం న్యూయార్క్ రాష్ట్రంలోని ఆస్వేగో పట్టణంలో ఉన్నవారికీ దారి చూపింది. 1944లో రూజ్‌వెల్ట్ 982 మంది శరణార్థులను కోటాతో పని లేకుండా అతిథులుగా రప్పించి, అక్కడి ఫోర్ట్ ఆంటారియోలో ఉంచారు. యుద్ధం ముగియగానే తిరిగి వెళ్లిపోతామని వారితో సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడు వారిని బస్సుల్లో నయాగరా జలపాతం దగ్గర సరిహద్దు దాటించి, కెనడా వైపున వీసాలు ఇచ్చి, మళ్లీ వెనక్కి తెచ్చారు. చట్టం దృష్టిలో వారు అమెరికాలో అడుగుపెట్టింది అప్పుడే. వినడానికి తమాషాగా ఉన్నా, గీత దాటకుండా పని జరిపించడమంటే ఇదే.

ఆ ఆదేశం కింద 1948 నాటికి సుమారు 35,000 నుంచి 40,000 మంది వచ్చారు. వారిలో ఎక్కువమంది యూదులు. శిబిరాల్లో మిగిలినవారితో పోలిస్తే ఇది కొంచెమే. అంతకు మించి కావాలంటే కాంగ్రెస్ చట్టం చేయాలి. 1948లో చేసింది కూడా, అయితే 1945 డిసెంబర్ 22 నాటికి శిబిర ప్రాంతాలకు చేరినవారికే అర్హత అని షరతు పెట్టింది. ట్రూమన్ తలుపు తెరిచిన తేదీనే తాళంగా వాడారన్నమాట. ఆ తర్వాత పోలండ్‌లో హత్యాకాండకు భయపడి పారిపోయి వచ్చిన యూదుల్లో చాలామంది ఆ షరతుతో బయట మిగిలారు. ట్రూమన్ విమర్శిస్తూనే సంతకం పెట్టారు. 1950లో ఆ చట్టాన్ని సవరించారు.

భారతీయుల సంగతికొస్తే, భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో సుప్రీంకోర్టు వారు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. అది ఉత్తర్వుతో తీరే చిక్కు కాదు. కాంగ్రెస్ ఆమోదించిన లూస్–సెల్లర్ చట్టంపై 1946 జూలై 2న ట్రూమన్ సంతకం పెట్టాకే ఆ హక్కు వచ్చింది. దాంతోపాటు భారతీయులకు కోటా కూడా ఇచ్చారు, ఏడాదికి 100 మంది.

సంతకం ఎక్కడ ఆగిపోతుందో 1952 చూపించింది. ఏప్రిల్‌లో కొరియా యుద్ధ అవసరం పేరుతో ట్రూమన్ ఉక్కు మిల్లులను ప్రభుత్వ అధీనంలోకి తీసుకున్నారు. జూన్ 2న సుప్రీంకోర్టు 6–3 తేడాతో అది చెల్లదంది. అధ్యక్షుడి ఉత్తర్వుల మీద నేటికీ ఎవరు కోర్టుకెక్కినా ఆ తీర్పు ప్రస్తావన తప్పదు. అదే నెల 25న మెకారన్–వాల్టర్ వలస చట్టాన్ని ట్రూమన్ వీటో చేశారు. పౌరసత్వానికి జాతి అడ్డును ఆ చట్టం తొలగించింది కానీ, పాత కోటాలను అలాగే ఉంచింది. వీటోను ప్రతినిధుల సభ 278–113తో, సెనేట్ 57–26తో కొట్టేశాయి. ఆ ఇద్దరు కర్తలూ ఆయన సొంత పార్టీవారే.

ఆ సెప్టెంబర్‌లో ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌తో ఒక కమిషన్ వేశారు. ఆ దశలో సంతకంతో చేయగలిగింది అంతే. దేశాలవారీ కోటాలు తీసేయాలని అది నివేదిక ఇచ్చేసరికి 1953 జనవరి వచ్చింది, ఆయన పదవీకాలం ముగిసింది.

ఆ మాటే చట్టం కావడానికి 1965 అక్టోబర్ 3 దాకా పట్టింది. అప్పుడు సంతకం పెట్టింది లిండన్ జాన్సన్. పాత కోటాలు 1968లో పూర్తిగా పోయాయి. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా విమానం ఎక్కింది ఆ తర్వాతే. ట్రూమన్ అప్పటికి ఇండిపెండెన్స్ పట్టణంలో విశ్రాంత జీవితం గడుపుతున్నారు. 1972 డిసెంబర్ 26న, 88వ ఏట కన్నుమూశారు.