మాటకందని అనుభవం – రమణ మహర్షి

మనసులోని దానిని ఇతరులకు తెలపడానికి మనిషికి మాట ఉంది. కాని మాట అన్నిటినీ మోయలేదు. బెల్లం రుచి ఎరుగనివానికి తీపిని గూర్చి ఎంత వర్ణించి చెప్పినా తీపి తెలియదు. ఈ సత్యాన్ని తమ జీవితంలోనే చూపిన మహనీయులు శ్రీ రమణ మహర్షి.

రమణుల అసలు పేరు వేంకటరామన్. ఆయన 1879 డిసెంబరు 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో జన్మించారు. తండ్రి సుందరమయ్యరు ప్లీడరు. తల్లి అళగమ్మ. 1892లో తండ్రి మరణించగా, వేంకటరామన్ మదురైలో పినతండ్రి ఇంట ఉంటూ చదువుకున్నారు.

అది 1896 జూలై మాసం. పదహారేళ్ళ వేంకటరామన్ ఒకనాడు ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఉన్నారు. ఏ జబ్బూ లేదు. అయినా తాను చనిపోతున్నాననే భయం హఠాత్తుగా ఆవరించింది. ఆయన ఎవరినీ పిలవలేదు. శవంలాగా కదలకుండా పడుకొని, చనిపోయేది ఎవరు అని తనలో తానే విచారించారు. శరీరం పోయినా పోనిది ఒకటి తనలో ఉందని ఆయనకు స్పష్టంగా తోచింది. భయం తొలగిపోయింది. ఆనాటి నుండి ఆయన చూపూ నడకా మారిపోయాయి. కాని జరిగినదేమిటో ఇంట్లోవారికి చెప్పలేదు.

అదే సంవత్సరం ఆగస్టు 29న ఆయన ఇల్లు విడిచారు. అన్నగారి కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన అయిదు రూపాయలలో మూడు తీసుకొని, మిగిలిన రెండింటినీ ఒక ఉత్తరంతో పాటు ఉంచి వెళ్ళారు. ఆ ఉత్తరం నేను అనే మాటతో మొదలైంది. కాని కొంత రాసేసరికి ఆ మాట ఆయనకు సరిపడలేదు. తనను ఇది అని పేర్కొన్నారు. చివర సంతకం లేదు.

సెప్టెంబరు 1న ఆయన తిరువణ్ణామలై చేరారు. అక్కడ ఆలయంలోనూ, తోటలలోనూ, కొండమీదా మౌనంగా ఉండిపోయారు. అది వ్రతంగా పట్టిన మౌనం కాదు. మాట్లాడాలనే తలపే ఆయనకు కలగలేదు.

కొడుకు జాడ తెలిసి 1898లో అళగమ్మ అక్కడికి వచ్చింది. ఇంటికి రమ్మని దినదినమూ ఏడ్చి బతిమాలింది. ఆయన పలకలేదు. చూడలేక ఒకరు కాగితం, పెన్సిలు చేతికిచ్చారు. ఎవరి ప్రారబ్ధం ప్రకారం వారికి జరుగుతుందనీ, జరగవలసినది ఆగదనీ, కనుక మౌనంగా ఉండటమే మేలనీ ఆయన రాశారు. ఆ మాటలు తల్లి దుఃఖాన్ని తీర్చలేదు. ఆమె కన్నీళ్ళతో తిరిగి వెళ్ళిపోయింది.

క్రమంగా జిజ్ఞాసువులు రాసాగారు. 1902లో శివప్రకాశం పిళ్ళై అడిగిన ప్రశ్నలకు ఆయన రాతతోనే జవాబిచ్చారు. 1907లో బొబ్బిలి సమీపంలోని కలువరాయి గ్రామానికి చెందిన కావ్యకంఠ గణపతిముని ఆయన ఉపదేశం పొంది, ఆయనకు రమణ మహర్షి అని పేరు పెట్టారు.

రమణులు మాటను తక్కువ చేయలేదు. అడిగినవారికి ఓపికగా బదులు చెప్పేవారు. మాతృభాష తమిళమైనా తెలుగు నేర్చుకొని, తమ ఉపదేశసారాన్ని తెలుగులో కూడా స్వయంగా రచించారు. ఆంధ్రదేశం నుండి వచ్చిన సూరి నాగమ్మ 1945 నుండి ఆశ్రమ విశేషాలను తన సోదరునికి తెలుగులో లేఖలుగా రాసింది. అయితే మాట దారి మాత్రమే చూపుతుందనీ, నడవవలసినది ఎవరికి వారేననీ రమణుల అభిప్రాయం. అందుకే ఎందరో ఆయన ఎదుట ఊరకే కూర్చుని తృప్తితో వెళ్ళేవారు.

1916లో అళగమ్మ కొడుకు దగ్గరే ఉండిపోవడానికి వచ్చింది. కొండమీది ఆశ్రమంలో అందరికీ వండిపెట్టింది. ఆరేళ్ళు ఇద్దరూ ఒకే చోట గడిపారు. 1922 మే 19న ఆమెకు అంత్యకాలం సమీపించింది. రమణులు ఆనాడంతా తల్లి పక్కనే కూర్చున్నారు. ఒక చేయి ఆమె గుండెమీద, మరొక చేయి తలమీద ఉంచి, రాత్రి ప్రాణం పోయేవరకు అలాగే ఉన్నారు. ఇరవై నాలుగేళ్ళ క్రితం కాగితంమీది మాటలు ఇవ్వలేని ఊరటను ఆ స్పర్శ ఇచ్చింది. ఆమె సమాధి చెంతనే నేటి రమణాశ్రమం వెలసింది.

రమణ మహర్షి 1950 ఏప్రిల్ 14న సిద్ధి పొందారు. ఇతరుల బాధను పంచుకోవడానికి ఒక్కొక్కసారి మనకు మాటలు దొరకవు. అటువంటప్పుడు వారి పక్కన నిలిచి ఉండటం కూడా ఒక భాషే అని ఆ తల్లీకొడుకుల కథ మనకు తెలుపుతుంది.