లాహోరు లాయానికి సీమ గుర్రాలు

నిజామాబాదులో రైలెక్కి నాందేడ్ వెళ్లినవారు అక్కడి గురుద్వారాను చూసే ఉంటారు. సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన చోటు అది. నాందేడ్ నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, 1830ల్లో ఆ కట్టడాన్ని కట్టించినది పంజాబు మహారాజు రంజిత్ సింగ్. ఎక్కడి లాహోరు, ఎక్కడి గోదావరి గట్టు! అంత దూరం డబ్బు పంపి గురుద్వారా కట్టించిన ఆ మహారాజుకు గురువు మీద భక్తి ఎంతో, గుర్రాల మీద ప్రేమ అంత. ఈ రెండో సంగతిని ఇంగ్లీషువాళ్లు బాగా కనిపెట్టారు.

రంజిత్ సింగ్ 1780లో గుజ్రన్‌వాలాలో పుట్టారు. పసితనంలో అమ్మవారు పోసి ఎడమకన్ను పోయింది. మనిషి పొట్టి, ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. చదువు రాదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. అయినా పద్దెనిమిదేళ్లకు, 1799లో, లాహోరును పట్టుకున్నారు. 1801లో మహారాజునని ప్రకటించుకున్నారు. ఒకరితో ఒకరు కొట్లాడుకుంటున్న సిక్కు సర్దారులను ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. 1818లో ముల్తాను, 1819లో కాశ్మీరు ఆయన వశమయ్యాయి. కోహినూరు వజ్రం 1813లోనే ఆయన చేతికి వచ్చింది. రాజ్యం కోల్పోయి ఆశ్రయం కోరి వచ్చిన కాబూలు రాజు షా షూజా దగ్గర దాన్ని తీసుకున్నారు. ఇష్టంగా ఇచ్చినది కాదు, పిండి తీసుకున్నదే.

ఇంగ్లీషువాళ్లతో మాత్రం జాగ్రత్తగా మసలుకున్నారు. 1809లో మెట్‌కాఫ్ అనే కుర్ర దొర వచ్చి అమృత్‌సర్‌లో ఒడంబడిక రాయించుకున్నాడు. సట్లెజ్ నదికి ఆవల కంపెనీది, ఈవల రంజిత్ సింగ్‌ది అని తేలింది. ఆ గీతను ఆయన బతికినన్నాళ్లూ దాటలేదు.

ఇక గుర్రాల సంగతి. పెషావరు ఏలే అఫ్గాన్ సర్దారుల దగ్గర లైలీ అనే గుర్రం ఉందని, దాన్ని మించినది ఆ దేశాల్లో లేదని మహారాజు విన్నారు. అడిగితే వాళ్లు ఇవ్వలేదు. ఒకసారి చచ్చిందన్నారు, ఇంకోసారి వేరే గుర్రాన్ని పంపారు. మహారాజు వదల్లేదు. ఫౌజులు నడిచాయి. చివరికి ఆయన కొలువులో ఉన్న ఇటలీ దేశపు జనరలు వెంటూరా వెళ్లి దాన్ని పట్టుకొచ్చాడు. ఈ ఒక్క గుర్రానికి అరవై లక్షల రూపాయలు, పన్నెండు వేల మంది సైనికులు ఖర్చయ్యారని మహారాజు తర్వాత హ్యూగెల్ అనే జర్మను ప్రభువుతో చెప్పారు. అందులో రాజుల గొప్ప కొంత కలిసే ఉంటుంది. కానీ అదే హ్యూగెల్ ఇంకో మాట రాసిపెట్టాడు. పక్షవాతంతో నడవలేకపోయినా, జీను మీదికి ఎక్కిస్తే చాలు, మహారాజు వేరే మనిషి అయిపోయేవారట.

కానుక వెనక కొలత

రంజిత్ సింగ్ అంతకుముందు ఇంగ్లాండు రాజుకు కాశ్మీరు శాలువాలతో కుట్టిన గుడారం కానుకగా పంపారు. దానికి బదులు ఇవ్వాలి కదా. లండన్‌లో కంపెనీ వ్యవహారాలు చూసే ఎలెన్‌బరో ప్రభువు గుర్రాలను ఎంచాడు. అయిదు గుర్రాలు: మగది ఒకటి, ఆడవి నాలుగు. పరుగు గుర్రాలు కావు. లండన్ వీధుల్లో బీరు పీపాల బండ్లు లాగే భారీ జాతి. మన దగ్గర పందెపు కోడెకూ బరువులాగే ఎద్దుకూ ఎంత తేడా ఉందో, లైలీకీ వీటికీ అంత తేడా.

1830లో అవి ఓడలో బొంబాయి చేరాయి. అక్కడ గవర్నరు మాల్కమ్ వాటికి తోడుగా ఒక పెద్ద బగ్గీని కూడా చేర్చాడు. బగ్గీ ఎందుకంటే, అంత బరువు సామాను నేలదారిన పోదు, నదిలో పడవల మీదే పోవాలి అని చెప్పడానికి. సింధు నది ఎంత లోతు, ఎక్కడ ఇసుక మేట వేసింది, పొగపడవలు ఎంత దూరం పోగలవు అన్నది కంపెనీకి తెలియదు. రష్యావాళ్లు అటునుంచి దిగుతారేమోనన్న భయం ఒకటి, కాబూలు దాకా సరుకు అమ్ముకోవాలన్న ఆశ ఇంకొకటి. సింధు దేశాన్ని ఏలే మీర్లు తెల్లవాళ్లను నదిలో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఇంగ్లాండు రాజు కానుకను ఆపే ధైర్యం మాత్రం ఎవరికుంటుంది?

ఈ పన్నాగం కంపెనీలో అందరికీ నచ్చలేదు. 1809లో ఒడంబడిక రాయించుకున్న ఆ మెట్‌కాఫే అప్పటికి కలకత్తాలో గవర్నరు జనరలు కౌన్సిలు సభ్యుడు. కానుక వంకతో నదిని కొలవడం ప్రభుత్వానికి తగని మోసమని కాగితం మీద రాసిపెట్టాడు. ఆయన మాట వినిపించుకున్నవారు లేరు.

అలెగ్జాండర్ బర్న్స్ అనే ఇరవై అయిదేళ్ల లెఫ్టినెంటు 1831 జనవరిలో కచ్ఛ్‌లోని మాండవి రేవు నుంచి అయిదు పడవలతో బయల్దేరాడు. మీర్లకు అనుమానం వచ్చింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పారు. రంజిత్ సింగ్ తన కానుకను ఆపవద్దని గట్టిగా కబురు పెట్టాక గాని దారి ఇవ్వలేదు. అంటే ఆ నది తలుపు తెరవడంలో మహారాజు చెయ్యి కూడా ఉంది. మీర్ల రాజధాని హైదరాబాదు (మన హైదరాబాదు కాదు, సింధులో అదే పేరున్న ఊరు) దాటి పడవలు పైకి సాగాయి. బర్న్స్ దారి పొడవునా నీటి లోతు, నది వంపులు, ఒడ్డున కోటలు రాసుకుంటూ పోయాడు. ఒడ్డున నిలబడి చూసిన ఒక సయ్యదు, ఇంగ్లీషువాళ్లు నదిని చూసేశారు, ఇక సింధు మనది కాదని వాపోయాడట. రాజుల కంటే ఆ సయ్యదుకే ముందు తెలిసింది.

పంజాబు పొలిమేరలో మహారాజు మనుషులు ఎదురొచ్చారు. గుర్రాలను చూసి నోళ్లు తెరిచారు. అంత పెద్ద గుర్రాలు ఇంకెంత బాగా దూకుతాయో, ఎన్ని విన్యాసాలు చేస్తాయో అని వాటిని దౌడు తీయించబోయారు. పీపాలు లాగే గుర్రాలకు ఆ విద్యలు ఎక్కడివి? తర్వాత కాళ్లెత్తి చూశారు. ఒక్క లాడం ఊడదీసి తూచితే నూరు రూపాయల ఎత్తు తూగింది, అంటే కిలోకు పైమాటే. అక్కడి గుర్రానికి నాలుగు కాళ్ల లాడాలూ కలిపితే గాని అంత బరువు కావు. ఆ లాడాన్నీ, గుర్రాల కొలతలనూ ముందుగానే లాహోరుకు పరుగున పంపారు.

జూలైలో బర్న్స్ లాహోరు చేరాడు. ఇంగ్లాండు నుంచి వచ్చిన ఉత్తరం విప్పగానే అరవై ఫిరంగులు, ఒక్కొక్కటి ఇరవై ఒక్క సార్లు పేలాయి. గుర్రాలను ఒక్కొక్కటిగా ఎదుట నడిపిస్తుంటే మహారాజు మురిసిపోయి, ఇవి గుర్రాలు కావు, చిన్న ఏనుగులని సర్దారులకు చూపించారు.

మహారాజుకు అసలు సంగతి తెలియదా? అడుగడుగునా వేగులను పెట్టుకున్న మనిషి. తెలియకపోవడం నమ్మేమాట కాదు. తెలిసినా కాదని తగువు పెట్టుకునే బలం లేదని ఆయన లెక్క వేసుకున్నట్టు కనిపిస్తుంది. ఆ అక్టోబరులోనే రోపడ్‌లో గవర్నరు జనరలు బెంటింక్‌ను కలిశారు.

తర్వాత జరిగినది

1832లో సింధు నది మీద వర్తకానికి ఒడంబడికలు కుదిరాయి. ఆ దారిన యుద్ధ సామగ్రి రాకూడదని మీర్లు షరతు రాయించుకున్నారు. ఏడేళ్లు తిరగకుండానే ఆ షరతు గాలికి పోయింది. షా షూజాను మళ్లీ కాబూలు గద్దె ఎక్కించాలని 1838లో కంపెనీ యుద్ధం తలపెట్టింది. రంజిత్ సింగ్ ఒడంబడికలో చేరారు గాని, పెద్ద సైన్యాన్ని తన పంజాబు గుండా పోనివ్వలేదు. దాంతో అది సింధు మీదుగా నడిచింది. మీర్లు చూస్తూ ఊరుకోవలసి వచ్చింది.

రంజిత్ సింగ్ 1839 జూన్ 27న చనిపోయారు. నదిని కొలిచిన బర్న్స్ 1841 నవంబరు 2న కాబూలులో, తన ఇంటి దగ్గరే జనం చేతిలో హతమయ్యాడు. 1843లో కంపెనీ సింధును కలిపేసుకుంది. లాహోరులో వారసులు, మంత్రులు ఒకరి తర్వాత ఒకరు చంపుకున్నారు. రెండు యుద్ధాల తర్వాత 1849 మార్చిలో పంజాబు కూడా పోయింది. ఆనాటి కాగితం మీద ముద్ర వేసిన మహారాజు, రంజిత్ సింగ్ చిన్నకొడుకు దలీప్ సింగ్. వయసు పదేళ్లు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనవాళ్లు చెప్పుకునే కోహినూరును ఇంగ్లాండు రాణికి అప్పగించాలని ఆ కాగితంలో విడిగా ఒక షరతు రాశారు. 1850లో అది లండన్ చేరింది.