పాఠం ఆగకూడదని.. పుట్టిన థర్మోస్టాట్

రెంటచింతల ఎండ గురించి పల్నాడు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఎండకు రంగు, ఘాటు పోతాయనే కదా రైతులు మిర్చి బస్తాలను కోల్డ్‌స్టోరేజీకి చేర్చేది! లోపల చలి చాలినంత అయ్యాక మిషన్ ఆగాలి. వేడెక్కగానే మళ్లీ నడవాలి. ఆ సంగతి కనిపెట్టుకుని ఉండేదే థర్మోస్టాట్. గదుల్లో వాడే ఎలక్ట్రిక్ థర్మోస్టాట్‌ను తయారు చేసింది ఓ పంతులుగారు. పేరు వారెన్ జాన్సన్.

1847లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టారు. ప్రింటింగ్ పని చేశారు, భూములు సర్వే చేశారు, బడిలో పాఠాలు చెప్పారు. 1876లో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరారు. అక్కడ చలికాలం గడ్డకట్టే చలి. ఏ గదిలో వేడి ఎంతుందో చూడ్డానికి అటెండరు మాటిమాటికీ క్లాసులోకి వచ్చేవాడు. చూసుకుని నేలమాళిగలోకి దిగి, వేడిని పంపే మూతలు సర్దేవాడు. ఈలోగా పాఠం కాస్తా తెగిపోయేది.

జాన్సన్ విసుక్కుని ఊరుకోలేదు. రెండు రకాల లోహాలను కలిపి అతికిన పట్టీని వాడారు. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ. దాంతో పట్టీ వంగుతుంది. వంగినప్పుడు కరెంటు కలిసి, కింద గంట మోగుతుంది. ఇక అటెండరు పైకి రావాల్సిన పనేముంది? దీనికి 1883లో పేటెంటు వచ్చింది. రెండేళ్లకే మిల్వాకీలో కంపెనీ పెట్టారు. తర్వాత గాలి ఒత్తిడితో ఒక్కో గది వేడిని విడివిడిగా, దానంతటదే సర్దే పద్ధతికి 1895లో మరో పేటెంటు తీసుకున్నారు.

ఆయన అక్కడితో ఆగలేదు. గడియారపు బురుజులు, ఆవిరితో నడిచే బండ్లు, వైర్‌లెస్.. అన్నింట్లోనూ చెయ్యి పెట్టారు. 50కి పైగా పేటెంట్లు సంపాదించారు. 1911లో కన్నుమూశారు. ఆ తర్వాత కంపెనీ మిగతావన్నీ పక్కనపెట్టి ఉష్ణోగ్రత నియంత్రణనే నమ్ముకుంది. అదే నేటి జాన్సన్ కంట్రోల్స్. పెద్దపెద్ద ప్రయోగాలు మరుగున పడ్డాయి. క్లాసులో ఎదురైన చిన్న ఇబ్బందికి వెతికిన జవాబే నిలబడింది.

ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కాక టక్‌మని ఆగుతుంది చూశారా? చాలా పెట్టెల్లో ఉండేది అలాంటి పట్టీనే. ఈసారి ఆ చప్పుడు వింటే ఎందుకొచ్చిందో ఆలోచించండి. ఆసక్తి కలిగితే పది పాసైనవాళ్లకు ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ ఉంది. నరసరావుపేట కుర్రాళ్లకు కోల్డ్‌స్టోరేజీలేమో దగ్గర్లోనే ఉన్నాయి.