ఆంధ్రకేసరి బాల్యము

టంగుటూరి ప్రకాశము పంతులు 1872వ సంవత్సరమున వినోదరాయునిపాలెమున జన్మించెను. పదునొకండవ యేట తండ్రి గోపాలకృష్ణయ్య గతించెను. తల్లి సుబ్బమ్మ ఒంగోలున పూటకూటి యిల్లు నడపి బిడ్డలను పోషించెను. ఆనాడు లోకము చిన్నచూపు చూచు వృత్తి యది. ఐనను ఆమె వెనుదీయలేదు.

ఒకమారు పరీక్షకు మూడు రూపాయల రుసుము కట్టవలసి వచ్చెను. బాలుడు బంధువుల యింటికి కాలినడకన పోయి, రిక్తహస్తములతో మరలెను. తుదకు తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ పైకము సమకూర్చెను.

పేదరికము బాలుర కడుపునే కాదు, నడతను గూడ బాధించును. తల్లి దినమెల్ల పొయ్యికడ నుండగా, ప్రకాశము అల్లరిమూకలతో తిరుగ నేర్చెను. చదువు చెడునట్లుండెను. అట్టి తరి ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు అతని తెలివిని గుర్తించి, చేరదీసి, రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయి చదివించెను.

ఆ బాలుడే ఇంగ్లండున బారిష్టరయ్యెను. 1921లో సిరులొసగు వృత్తిని విడిచి స్వరాజ్యోద్యమమున దుమికెను. 1928లో మదరాసున సైమను కమీషనును ప్రతిఘటించుచు తుపాకులకు రొమ్మొడ్డెను. 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. 1957లో పరమపదించెను.

తల్లి చీరయు, గురువు చేయూతయు లేకున్నచో ఆ కేసరి ఒంగోలు వీధులలోనే మరుగుపడి యుండెడివాడు. బాలలారా! రుసుము కట్టలేక తలవంచుకొను చెలికాడు మీ తరగతిలో నున్నచో, ఈ కథను తలపునకు దెచ్చుకొనుడు.